పానా మా రక్తంలో లేదు

మా జిల్లాలో మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న పేరు. రెండో ప్రశ్న "షెడ్డు యాడ?" అని. బడిపంతులుగా ఉన్నామా, బ్యాంకులో ఉన్నామా, మందులషాపు పెట్టుకున్నామా అని అడగాలని ఎవరికీ తోచదు. మస్తాన్ అన్నా, ఖాదర్ అన్నా, మహబూబ్ అన్నా ఎదుటివాళ్ల ముక్కుకు గ్రీసు వాసన తగులుతుందేమో. చిత్తూరులోగానీ తిరుపతిలోగానీ నడిరోడ్డున కారు ఆగిపోతే "ఎవరన్నా సాయిబును పిలవండప్పా" అంటారు. మెకానిక్కును పిలవండి అనరు. సాయిబు అంటే చాలు, అర్థమైపోతుంది.

దీన్ని తిట్టనుకోవాలో పొగడ్తనుకోవాలో మాకు చాలాకాలం తేలలేదు. అనేవాళ్లు ప్రేమగానే అంటారు. "మీ చేతిలో ఏందో ఉంది బాషా. మీకది రక్తంలోనే వస్తుంది" అంటారు. (బాషా మా పేరు కాదు. ఇక్కడ సాయిబులందరికీ అదే పేరు.) వినడానికి బాగుంటుంది. కానీ రక్తంలో వచ్చేదానికి కూలి ఎందుకివ్వాలి? కోకిల పాడితే ఎవరైనా డబ్బులిస్తారా? బేరం అక్కడ మొదలవుతుంది. సామాను ఖరీదు బిల్లు మీద ఎంతుంటే అంత మారుమాట లేకుండా ఇచ్చేస్తారు. చేతికూలి దగ్గరకొచ్చేసరికి "పది నిమిషాల పనికి ఇంతా?" అంటారు. అది పది నిమిషాల పని కావడానికి మావాడికి పదేళ్లు పట్టిందని బిల్లులో రాయలేం కదా.

అదే మాట ఇంకో దారిలో కూడా వస్తుంది. ఫోన్లలో మా పిల్లల్ని తిట్టాలనుకున్నవాళ్లు 'పంక్చరోళ్లు' అని రాస్తారు. 2025 ఏప్రిల్ 14న హర్యానాలోని హిసార్ సభలో ప్రధానమంత్రి, వక్ఫ్ ఆస్తుల్ని నిజాయితీగా వాడి ఉంటే ముస్లిం యువకులు సైకిల్ పంక్చర్లు వేసుకుని బతకాల్సి వచ్చేది కాదన్నారు. వక్ఫ్ భూములు ఎవరెవరి నోట్లోకి పోయాయో ఆ లెక్క వేరే, అది మేమూ అడుగుతాం. మాకు తగిలింది పంక్చర్ అన్న మాట. పొగిడినా పానాయే, తిట్టినా పానాయే. 2006లో సచార్ కమిటీ కూడా మోటారు వాహనాల మరమ్మతు పనిలో మావాళ్ల సంఖ్య చెప్పుకోదగ్గంత ఉందని రాసింది. ఎందుకుందో తెలియాలంటే ఆ నివేదికలో మిగతా పేజీలు చదవాలి. బడి, బ్యాంకు అప్పు, సర్కారు నౌకరీ... మూడింట్లోనూ మేం ఎంత వెనకున్నామో ఆ పేజీల్లో ఉంది. అక్కడ రక్తం గురించి ఒక్క ముక్కా లేదు.

మా ముత్తాతకు పానా అంటే తెలీదు. తిరుపతి రైలుస్టేషన్ నుంచి కొండ కిందివరకూ జట్కా తోలినవాడాయన. 1944లో కొండకు మొదటి ఘాట్‌రోడ్డు వేశారు. మోటార్లు ఎక్కడం మొదలయ్యాక గుర్రాలకు గిరాకీ తగ్గింది. గుర్రానికి నాడా కొట్టించినవాళ్ల కొడుకులు బస్సులకు కమాను కట్టలు విప్పి బిగించడం నేర్చుకున్నారు. 1974లో రెండో ఘాట్‌రోడ్డు వచ్చేనాటికి మా అబ్బా అలిపిరి దగ్గర ఒక షెడ్డులో కిరసనాయిల్లో సామాన్లు కడుగుతున్నాడు. అప్పటికి ఆయన వయసు పదేళ్లు. ఇదీ మా రక్తచరిత్ర.

2007లో రాష్ట్రం మాకు నాలుగు శాతం రిజర్వేషన్ చట్టం చేసినప్పుడు జాబితాలో మావాళ్లలో కొందరిని చేతిపనుల పేర్లతోనే రాశారు. అత్తరు సాయిబులు, అచ్చుకట్లవాళ్లు, ధోబీలు, హజాంలు, గారడీ సాయిబులు, గుడ్డెలుగును ఆడించేవాళ్లు, రోళ్లకు కక్కు కొట్టే తురక కాశాలు. దూది ఏకేవాళ్లు అంతకుముందునుంచే వేరే గుంపులో ఉన్నారు. ఆ జాబితా చదువుతుంటే ఒక్కో పేరు వెనకా ఒక్కో పనిముట్టు కనిపిస్తుంది. రోళ్లు పోయి మిక్సీలొచ్చాయి. కక్కు కొట్టే ఉలి పట్టుకున్న చెయ్యి ఏం పట్టుకోవాలి? దగ్గర్లో దొరికింది పట్టుకుంది. మెకానిక్ సాయిబులు అని ఆ జాబితాలో లేదుగానీ, జనం నోట్లో ఆ కులం ఎప్పుడో పుట్టేసింది.

ఇక ఆ చెయ్యి ఎలా తయారవుతుందో చెప్పాలి. పిల్లోణ్ని షెడ్డులో వదిలేటప్పుడు అమ్మీ ఉస్తాద్‌తో "ఎముకలు మాకు, మాంసం మీకు" అంటుంది. మొదటి ఏడాది టీ తేవడం, సామాన్లు కడగడం. పన్నెండు పదమూడు పానా అడిగితే పద్నాలుగు పదిహేను పానా ఇచ్చాడంటే వీపు మీద ఒకటి పడుతుంది. రెండో ఏడాది చక్రాలు విప్పనిస్తారు. ప్లగ్గు బిగించడానికి మూడో ఏడాది దాకా చెయ్యి తగలనివ్వరు. ఎందుకంటే మర ఎక్కుతోందా, అడ్డంగా కోసుకుపోతోందా అన్నది కంటికి తెలిసేది కాదు. వేళ్ల చివర తెలియాలి. ఆ తెలివి వేళ్లలోకి దిగేలోపల పిల్లోడి ఎక్కాలూ, గుణింతాలూ బయటికి పోతాయి. మా అబ్బాకు ఇంజను చప్పుడు విని ఎన్నో వాల్వు వదులైందో చెప్పడం వచ్చు. కరెంటు బిల్లు మాత్రం మా చేత చదివించుకునేవాడు. ఎడమచేతి చూపుడువేలు పైకణుపు ఒక ఫ్యాన్ బెల్టుకు ఇచ్చేశాడు. ఈ ఖర్చులన్నీ కలిపితే వచ్చే పేరే 'చేతిలో ఏందో ఉండటం'.

ఇదంతా చెప్పాలనిపించింది ఒక కారు వల్ల. తెల్ల కాంటెసా.

ఇప్పటి పిల్లలకు కాంటెసా అంటే తెలియకపోవచ్చు. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు 1984లో తెచ్చారు. ఒళ్లు ఇంగ్లండులోని వాక్స్‌హాల్ విక్టర్‌ది. మొదట్లో లోపల పెట్టింది అంబాసిడర్‌లో ఉండే 1489 సీసీ ఇంజనే. పహిల్వాన్ ఒంట్లో పిల్లోడి గుండె అన్నట్టుండేది. తర్వాత జపాన్ ఇసుజు ఇంజను వచ్చింది, 1817 సీసీ, అయిదు గేర్లు. అప్పుడు దానికి ప్రాణమొచ్చింది. మారుతీ 800లు రోడ్డు నిండా ఉన్న రోజుల్లో పొడుగాటి బానెట్‌తో అది పక్కనుంచి పోతుంటే పోలీసాఫీసరో సినిమావాడో పోతున్నాడనుకునేవాళ్లు. 2002లో తయారీ ఆగిపోయింది.

మేం చెప్పే కాంటెసా చిత్తూరు బెల్లం మండీలో ఒక వ్యాపారిది. అది కొన్ననాటినుంచీ దాని మంచిచెడ్డలు చూసినవాడు మా చిచ్చా. చిచ్చా షెడ్డు చిత్తూరులోనే. ఆ వ్యాపారి ఇంట్లో మనుషులకు జ్వరమొస్తే డాక్టరును మార్చారుగానీ కారుకు జ్వరమొస్తే చిచ్చాను మార్చలేదు. ఆయన పోయాక కొడుకులు దాన్ని మూలన పడేశారు. 2018లో చిచ్చా కొడుకు దాన్ని కొన్నాడు. వాడు షెడ్డువాడు కాదు. చిచ్చా వాణ్ని షెడ్డు గడప తొక్కనివ్వకుండా చదివించాడు. ఎం.సి.ఏ. చేసి బెంగుళూరులో కంప్యూటర్ కంపెనీలో ఉన్నాడు. చేతులు మెత్తగా ఉంటాయి.

కారు కొన్నానని ఆఫీసులో చెబితే అందరూ ఒకేమాటన్నారట. "నీకేంరా, మీవాళ్లకు రిపేర్లు పుట్టుకతోనే వస్తాయి కదా!" వాడు నవ్వి ఊరుకుని ఉంటే కథ లేదు. వాడు నమ్మాడు. మంచి డబ్బు పోసి సామాన్ల పెట్టె కొన్నాడు. అందులో ఒక్కో పానా ఒక్కో గూట్లో నగల పెట్టెలో నగల్లాగా ఉంటుంది. ఫోనులో వీడియోలు చూశాడు. ఆదివారం ఆదివారం చిత్తూరొచ్చి ఇంటి ముందు కారు కింద దూరేవాడు. చిచ్చా అడిగితే "మీరు కూర్చోండి అబ్బా, నేను చేసుకుంటా" అనేవాడు.

మొదటి ఆదివారం ఇంజను ఆయిల్ మార్చాడు. కింద పడుకుంటే రెండు డ్రెయిన్ నట్లు కనిపిస్తాయి. ఒకటి ఇంజను సంపుది, ఒకటి గేరుబాక్సుది. వాడు విప్పింది గేరుబాక్సుది. కారినదంతా పట్టి పారేసి, పైన మూత తీసి కొత్త ఆయిల్ నాలుగు లీటర్లు ఇంజన్లో పోశాడు. అంటే ఇంజన్లో ఆయిల్ రెట్టింపు, గేరుబాక్సులో సున్నా. ఆయిల్ ఎక్కువైతే మంచిదేగా అనుకుంటారు చాలామంది. కాదు. క్రాంకు తిరుగుతూ ఆ ఆయిల్‌ను మజ్జిగలాగా చిలుకుతుంది. నురగెక్కిన ఆయిల్ బేరింగులకు అందదు. సీళ్లు తోసుకుని బయటికొస్తుంది, సైలెన్సర్లో నీలంపొగ వస్తుంది. అటు గేరుబాక్సు ఎండిపోయి ఏడుస్తుంది. సంతపేట దాకా పోయేసరికే ఆ ఏడుపు చిచ్చా చెవిన పడింది. దూరంగా ఉన్నా పట్టాడు. బండి ఆపించి, తోయించుకుని వచ్చారు.

రెండోసారి ప్లగ్గులు. ఇసుజు ఇంజనుకు హెడ్డు అల్యూమినియంది. ప్లగ్గు ఇనుముది. ఇనుము గట్టిది, అల్యూమినియం మెత్తది. ప్లగ్గును వేళ్లతో మూడు నాలుగు చుట్లు ఎక్కించి ఆ తర్వాతే పానా పెట్టాలి. వాడు మొదటి చుట్టునుంచే పొడుగు పానా పెట్టి తిప్పాడు. పొడుగు పానాతో ఎంత బలం పడుతుందో తిప్పేవాడికి తెలీదు. మూడో సిలిండరు మర కోసుకుపోయింది. హెడ్డు దింపి, లేతు షాపుకు తీసుకుపోయి, బొక్క పెద్దదిచేసి, కొత్త మర తిప్పి, బుష్ వేయించాల్సి వచ్చింది. నూట యాభై రూపాయల ప్లగ్గు వేలల్లోకి పోయింది. హెడ్డు దింపాక కొత్త గ్యాస్కెట్ కావాలి. ఆ కారుకు గ్యాస్కెట్ చిత్తూరులో ఎక్కడుంది? ఆ సంగతి తర్వాత చెబుతాం.

మూడోది నవ్వుతూ చెప్పేది కాదు. బ్రేకు డబ్బాలో మట్టం తగ్గిందని చూశాడు. మనం దాన్ని బ్రేక్ ఆయిల్ అంటాం. ఆ పేరే కొంప ముంచింది. అది అసలు ఆయిలే కాదు, వేరే ద్రవం. బ్రేకు లోపలి రబ్బరు దానికి తట్టుకునేలా చేసి ఉంటుంది. వాడు ఇంట్లో మిగిలిన ఇంజను ఆయిల్ కాస్త పోశాడు. ఖనిజనూనె తగిలితే ఆ రబ్బరు నానిన శనగల్లాగా ఉబ్బుతుంది. ఒకరోజులో తెలీదు. వారం పట్టింది. మళ్లీ ఆదివారం భార్యనూ కూతురినీ ఎక్కించుకుని సాయంత్రం బెంగుళూరు బయల్దేరాడు. బంగారుపాళెం దాటాడు, మొగిలి ఘాటు ఎక్కుతున్నాడు. కారు బరువుగా లాగుతోంది. ఇంజను శక్తి తగ్గిందనుకున్నాడు. దిగి బానెట్ లేపి డిస్ట్రిబ్యూటర్ వదులుచేసి టైమింగు కాస్త ముందుకు తిప్పాడట, వీడియోలో చూసినట్టు. ఇంజను టకటకా కొట్టుకోవడం మొదలైంది. అసలు రోగం ఇంజన్లో లేదు. ఉబ్బిన రబ్బరు వెనక్కి రాక బ్రేకులు పట్టుకునే ఉన్నాయి. రెండో మలుపులో ముందుచక్రాల నుంచి పొగ లేచింది. మూడో మలుపులో కారు నిలబడిపోయింది.

ఎక్కేటప్పుడు నిలబడింది కాబట్టి సరిపోయింది. దిగేటప్పుడైతే కాగిన బ్రేకులు ఉన్నట్టుండి పనిచేయకుండా పోయి ఉండేవి. ఆ మాట చిచ్చా ఇంతవరకూ పైకి అనలేదు. మాకు మాత్రం మనసులో మెదులుతూనే ఉంటుంది.

మసక చీకటి. వాడు గడ్డంతో, భార్య బురఖాతో రోడ్డు పక్కన. మోటారుసైకిళ్లు ఆగాయి. కార్లూ ఆగాయి. మా వైపు జనం అంత చెడ్డవాళ్లు కాదు, ఆగుతారు. "ఏమైంది భాయ్?" అన్నారు. వీడు నోరు తెరిచేలోపలే బానెట్ లేచి ఉండటం, కింద పానాల పెట్టె ఉండటం చూసి, "ఓ, మీరేనా! మీకు మేం చెప్పేదేముందిలే" అని నవ్వుతూ వెళ్లిపోయారు. ఒకరు కాదు, నలుగురైదుగురు. అదే చోట ఏ రెడ్డో నాయుడో నిలబడి ఉంటే కనీసం ఒక్కడైనా పలమనేరుకు ఫోన్ చేసి మెకానిక్కును రమ్మని ఉండేవాడు. సాయిబు కాబట్టి సాయం అవసరంలేదు! వాడు ఆ రాత్రి మాకు ఫోన్ చేసి చెప్పిన మొదటిమాట బ్రేకుల గురించి కాదు. "భాయ్, నాకు పని రాదని చెబితే కూడా ఎవరూ నమ్మలేదు" అన్నాడు.

చివరికి వేలూరు వైపు లారీడ్రైవరు ఒకాయన దిగాడు. తమిళంలో తిడుతూనే దిగాడు. చక్రం దగ్గర వెనకచేత్తో వేడి చూసి, అరగంట చల్లారనిచ్చి, చిన్న పానాతో బ్లీడర్ నిపుల్ వదులుచేశాడు. పట్టుకుని ఉన్న ఒత్తిడి చురుక్కున చిమ్మింది, చక్రం వదిలింది. వేళ్ల మధ్య ఆ ద్రవాన్ని రుద్ది వాసన చూసి, "ఎవన్ ఊత్తినాన్ ఇదు?" అన్నాడు. ఎవడు పోశాడు అని. ఇది తోలగూడదు, ఎక్కించుకునే పొమ్మన్నాడు. ఆ కారు లారీ మీద చిత్తూరు చేరింది. మాస్టర్ సిలిండరు నుంచి చక్రాలదాకా ఉన్న రబ్బరు ప్రతిముక్కా పారేసి, గొట్టాలన్నీ కడిగి, కొత్తవి వేయడానికి చిచ్చాకు నాలుగు రోజులు పట్టింది.

ఈ మాటలు వాణ్ని వెక్కిరించడానికి చెప్పడం లేదు. ఇలాంటివి తిరుపతి షెడ్డుకు వారంవారం వస్తాయి. రిటైరైన ఆఫీసర్లు, లెక్చరర్లు పాత ఫియట్‌లో, పాత మారుతీలో స్వయంగా చెయ్యి పెట్టి చెడగొట్టుకుని తెస్తారు. బ్యాటరీ తీగలు అటుదిటు తగిలించి ఆల్టర్నేటర్ కాల్చుకున్నవాళ్లున్నారు. ప్లగ్గు వైర్లు ఒకటి, మూడు, నాలుగు, రెండు వరస తప్పి పెట్టి, కార్బొరేటర్లోంచి మంట రప్పించినవాళ్లున్నారు. జాకీ ఒక్కటే నమ్ముకుని కింద దూరి, చెయ్యి విరగ్గొట్టుకున్నాయన ఉన్నాడు. అలిపిరి దగ్గరైతే చెప్పనక్కర్లేదు. ఘాటు దిగడానికి నలభై నిమిషాలకు తక్కువ పట్టకూడదని రూలు. ఎక్కడానికి ఇరవై ఎనిమిది నిమిషాలు. ఈ రూలు వేగం తగ్గించడానికి. కాగిన రేడియేటర్‌కు ఏ రూలూ లేదు. మూత బిగించి ఉన్నంతసేపూ ఒత్తిడి వల్ల నీళ్లు నూరు డిగ్రీలు దాటినా ఉడకవు. మూత తీసిన క్షణంలో ఒక్కసారిగా ఆవిరై మొహానికి కొడతాయి. అబ్బా ఎంతమందిని అరిచి ఆపాడో లెక్కలేదు. కొందరు కాగిన ఇంజను మీదే బిందెడు చన్నీళ్లు పోస్తారు. అంబాసిడర్ ఇనుపహెడ్డు చాలాసార్లు ఓర్చుకునేది. అల్యూమినియం హెడ్డు వంగిపోతుంది, లేదా నెరియ ఇస్తుంది.

వీళ్లు చెడగొట్టుకుంటే దాని పేరు సరదా. "ఏదో ట్రై చేశాను బాషా" అని నవ్వుతారు, మేమూ నవ్వుతాం. అదే పని మా చిచ్చా కొడుకు చేస్తే ఊరంతా ఆశ్చర్యం. "సాయిబు కొడుకువై ఉండీ ఇది కూడా తెలీదా?" వాడు కంప్యూటర్ చదివాడని మెచ్చుకున్న నోళ్లే అడిగాయి. ఏది నేర్చుకోకపోయినా ఫరవాలేదుగానీ ఇది నేర్చుకోకుండానే రావాలి మాకు.

ఇంకోటి కూడా చెప్పుకోవాలి. మా దగ్గరికి బండి తెచ్చినవాడు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. పని చూడటానికి కాదు. సాయిబు మంచి పార్టు తీసి పాతది పెడతాడని అనుమానం. చేతిలో ఏదో ఉందనే నోరే చెయ్యి మంచిది కాదని కూడా అంటుంది. ఒకసారి అలిపిరిలో కుటుంబంతో వచ్చిన యాత్రికుడు కారు బాగయ్యాక అబ్బా పేరడిగాడు. పేరు విని కాసేపు ఆగి, "పరవాలేదులే సామీ, దిగేశాం కదా" అన్నాడు. ఎక్కేముందు తెలిసుంటే ఏం చేసేవాడో! ఇలాంటి చోట మా హిందూ మిత్రులు వెంటనే బీబీ నాంచారి కథ గుర్తుచేస్తారు. ఆ కథ మాకూ ఇష్టమే. అయినా ఒక దేవుడి పెళ్లికథ చెప్పి మా బిల్లు బాకీ తీర్చొద్దు.

మాలో మాకున్నదీ తక్కువేం కాదు. పెళ్లిచూపుల్లో పిల్లోడు మెకానిక్కంటే "కారీగర్‌లా?" అని మొహం తిప్పుకునే పెద్దింటి సయ్యద్‌లు మాలోనే ఉన్నారు. షెడ్డు డబ్బుతో కట్టిన మసీదులో మొదటి వరస వాళ్లకే. ఇక ఆయుధపూజ తగువు. తమిళదేశం పక్కన ఉండటంతో చిత్తూరులో ఆయుధపూజ గట్టిగా జరుగుతుంది. గిరాకీలే గుమ్మడికాయ, నిమ్మకాయలు తెచ్చి షెడ్డు ముందు కారు నిలబెట్టి పూజ చేయించుకుని పోతారు. పానాలకు బొట్టు పెట్టనివ్వడం తప్పని ఒక మౌలానా అన్నాడు. చిచ్చా ఆయనతో వాదం పెట్టుకోలేదు. ఆ రోజు పానాలు కడిగి, బల్ల మీద పరిచి, తను శుభ్రంగా స్నానంచేసి పక్కన నిలబడతాడు. బొట్టు పెట్టేవాళ్లు పెడతారు. సాయంత్రం తుడిచి లోపల పెడతాడు. శుక్రవారం మధ్యాహ్నం షెడ్డు మూస్తే "ఈ సాయిబులకు పనికన్నా నమాజు ఎక్కువ" అన్నవాళ్లతోనూ వాదం పెట్టుకోలేదు. ఆయన వాదాలన్నీ తుప్పుపట్టిన నట్లతోనే.

గ్యాస్కెట్ సంగతి చెబుతామన్నాం. కాంటెసా ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది. సామాన్లు కావాలంటే మద్రాసు పుదుప్పేట పోవాలి. లేదా బెంగుళూరు జె.సి.రోడ్డు, శివాజీనగర్ గుజిరీ. పుదుప్పేట సందుల్లో చచ్చిపోయిన కార్లన్నీ ముక్కలుముక్కలుగా వేలాడుతుంటాయి. హెడ్డు గ్యాస్కెట్ కోసం వాడూ చిచ్చా కలిసి పోయారు. అక్కడ దుకాణంవాడితో చిచ్చా అరవంలో మొదలుపెట్టి ఉర్దూలో బేరమాడి తెలుగులో లెక్కపెట్టాడట. దుకాణంవాడు మూడు గ్యాస్కెట్లు చూపించాడు. మూడూ కాంటెసావే అన్నాడు. చిచ్చా ఒక్కోదాన్నీ వెలుతురుకెత్తి నీళ్లు పోయే బొక్కలు ఎక్కడున్నాయో చూసి ఒకటి తీసుకున్నాడు. "ఎలా తెలిసింది అబ్బా?" అంటే "ఒకసారి తప్పుడుది తెచ్చి మా ఉస్తాద్ చేత తన్నులు తిన్నాను" అన్నాడు.

హెడ్డు ఎక్కించిన రోజు చిచ్చా పానా పట్టుకోలేదు. కొడుకు చేతే చేయించాడు. బోల్టులు నడిమధ్యనుంచి మొదలుపెట్టి, అటొకటి ఇటొకటి బయటికి పోతూ, మూడుసార్లుగా బిగించాలి. ఒకేసారి ఒకమూల గట్టిగా పట్టిస్తే హెడ్డు వంగుతుంది. "హల్లూ బేటా, హల్లూ..." అంటూ పక్కన కూర్చున్నాడు. ప్లగ్గుల దగ్గరికొచ్చాక పెట్రోలు పైపు ముక్క ఒకటి కోసి ప్లగ్గు నెత్తికి తొడిగి ఇచ్చాడు. రబ్బరుపైపుతో తిప్పితే, మర అడ్డంగా ఎక్కబోతే పైపు జారిపోతుందిగానీ మర కోసుకుపోదు. షెడ్డులో మూడో ఏడాది పిల్లోడికి నేర్పేది అదే. ముప్పై ఆరేళ్ల ఎం.సి.ఏ. ఆ రోజు నేర్చుకున్నాడు. వాడు అలా నేర్చుకుంటుంటే చిచ్చా మొహంలో సంతోషం ఉందా, బాధ ఉందా అని మేం చూశాం. కొడుకుకు ఇది రాకూడదనే కదా ఆయన జన్మంతా దీన్ని చేసింది. ఆయన మాత్రం ప్లగ్గే చూస్తున్నాడు.

ఇప్పుడు షెడ్డులో పిల్లలు లేరు. 2020 నుంచి వచ్చే బి.ఎస్.-6 బండ్లకు పానాకంటే ముందు కంప్యూటర్ తగిలించాలి. ఆ యంత్రం ఖరీదు మాకు అందదు. కొత్త కార్లు కంపెనీ సర్వీసుకే పోతాయి. మాకు మిగిలేవి పాత బండ్లు, సరదా చేసి చెడగొట్టుకున్న బండ్లు. మా ఇళ్ల పిల్లలు ఎవరూ ఈ పనికి రావడం లేదు. కొరియర్లు పంచుతున్నారు, గల్ఫ్ పోతున్నారు, కొందరు బాగా చదువుతున్నారు.

చిచ్చా దగ్గర మిగిలింది ఒకే ఒక్క కుర్రాడు. పలమనేరు పక్క పల్లెనుంచి వస్తాడు. పేరు 'ముని'తో మొదలవుతుంది, మా జిల్లాలో సగం పేర్లలాగే. ఇరవై రెండేళ్లు. శనివారం మాంసం ముట్టడు. చిచ్చా చూసిన చేతుల్లోకెల్లా మంచి చెయ్యి వాడిదేనట. ఇంజను ఆడుతుంటే పొడుగు స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజనుకు, ఒక కొస చెవికి ఆనించి రోగం చెబుతాడు. ఇప్పుడు కాంటెసా పని కూడా వాడే చూస్తున్నాడు. మొన్న ఒకాయన కారు తెచ్చి గేటు దగ్గరనుంచే "ఒరే బాషా, ఇట్రా" అని కేకేశాడు. చిచ్చా తల తిప్పేలోపల ఆ ముని పిల్లోడే "వస్తాండా సామీ" అని చేతులు తుడుచుకుంటూ పోయాడు. ఆయన వాడి పని కాసేపు చూసి, చిచ్చా వైపు తిరిగి, "ఎంతైనా మీవాళ్లకు రక్తంలోనే ఉంటుందబ్బా" అన్నాడు.